పై ఇంటి శనివారం

తెలియని సంగతి గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మా అమ్మ దాన్ని నోటిదురద అనేది. మావారు మర్యాదస్తులు కాబట్టి "నీకు చొరవ కాస్త ఎక్కువ" అనేవారు. ఖతర్‌లో కాపురం చేసిన అన్నేళ్ళలో ఆ విద్య నన్ను నిజంగా భయపెట్టింది ఒక్కసారే. చివరికి అంతా మంచిగానే తేలింది కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను. అప్పుడు మాత్రం రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆయిలు ధర ఆకాశానికెక్కి, దోహాలో ఏ సందు చూసినా ఇసుక కుప్పలు, సిమెంటు బస్తాలు కనిపించే రోజులవి. మావారు ఒక కంపెనీలో నక్షాలు గీసే ఉద్యోగం మీద బందరు నుంచి వచ్చారు. ఆరు నెలల తర్వాత నేనూ వచ్చాను. అల్ దోహా అల్ జదీదాలో రెండంతస్తుల ఇల్లు, నాలుగు వాటాలు. ఇప్పటి పిల్లలు లుసైల్ అద్దాల మేడల ఫొటోలు చూపించి "ఆంటీ, మీరున్నది ఇక్కడేనా" అని అడుగుతుంటారు. మా రోజుల్లో అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. నాకు తెలిసిన దోహా అంతా మా సందు మొదట్లో ఇరానీ రొట్టెల భట్టీ దగ్గర మొదలై, చివర మలయాళీ కిరాణా కొట్టు దగ్గర అయిపోయేది.

కింద ఎడమవైపు వాటా మాది. మా ఎదురు వాటాలో పాలస్తీనా టీచరమ్మ ఉండేది. ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు, వీపు నిటారుగా పెట్టుకుని నడిచేది. సరిగ్గా మా నెత్తిమీద వాటాలో బొంబాయి దగ్గర థానే నుంచి వచ్చిన జంట. అతను సముద్రంలో ఆయిలు తీసే చోట మెకానిక్కు. రెండు వారాలు అక్కడ డ్యూటీ, ఒక వారం ఇంట్లో. మిగతా రోజులు ఆమె ఒక్కతే. మరాఠీలో వదినను వహినీ అంటారని ఆమే చెప్పింది. నేనలా పిలిచేదాన్ని, ఆమె కూడా నన్ను తిరిగి వహినీ అనేది. నాలుగో వాటాలో ఇద్దరు సూడాన్ గుమాస్తాలు ఉండేవారు గానీ వాళ్ళు ఎప్పుడు చూసినా డ్యూటీలోనే ఉండేవారు.

వహినీకీ నాకూ మధ్య భాష హిందీ. నాది పరీక్షలు రాసి నేర్చుకున్న హిందీ, ఆమెది బజారు హిందీ. మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్ళం. అప్పుడామె తన వీధి గురించి చెప్పేది. బొంబాయి నుంచి లోకల్ రైల్లో గంట దూరంలో ఉన్న శివారు. ఒకవైపు బ్రాహ్మల ఇళ్ళు, వాటి పక్కన చేపలు పట్టే కోలీలు, ఎదురుగా ముస్లిం దర్జీలు, మూలమీద ఒక పార్సీ ముసలాయన సోడా కొట్టు. తర్వాత్తర్వాత సింధీలు, తమిళ గుమాస్తాలు వచ్చి చేరారట. ఎవరింట్లో పెళ్ళయినా అందరి ఇళ్ళ మంచాలూ వీధిలోకి వచ్చేవట. ఆమె ముత్తాతలు కొంకణ తీరంలో గానుగ ఆడించి నూనె తీసేవాళ్ళట. "తాతలు నేలమీద నూనె తీశారు, మా ఆయన సముద్రంలో తీస్తున్నాడు. మా ఇంటికి జిడ్డు వదలదు" అని నవ్వేది. ఇన్ని చెప్పేది గానీ, ఆ వీధి నడిమధ్యలో ఏముందో ఎప్పుడూ చెప్పేది కాదు. సోడా కొట్టు దగ్గరిదాకా వచ్చి, అక్కణ్ణుంచి ఒక్క దూకుతో దర్జీ ఇంట్లో పడేది. అది నాకు అప్పట్లో తట్టలేదు.

నాకు తట్టింది వేరు. శుక్రవారం సాయంత్రం ఆమె తలమీద కొంగు కప్పుకుని, గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పైన కొబ్బరినూనె తేలించి, వత్తి వేసి దీపం పెట్టేది. శుక్రవారం సాయంత్రం దీపం ఎవరికి పెడతారు? లక్ష్మీదేవికి. ఇందులో అడగవలసిందేముంది? శనివారం ఆమె పొయ్యి ముట్టించేది కాదు, చీపురు పట్టేది కాదు, బట్ట ఉతికేది కాదు. శనివారం అంత నిష్ఠగా ఎవరికోసం ఉంటారు? ఏడుకొండలవాడికోసం. మా పిన్ని కూడా శనివారాలు ఉండేది, కానీ పొయ్యి మానేసేంత భక్తి ఆవిడకు లేదు. వహినీ ముందుగదిలో ఒక బల్బు శుక్రవారం పొద్దుగూకే వేళ వెలిగిందంటే శనివారం పట్టపగలు కూడా ఆరేది కాదు. దానికీ నా దగ్గర జవాబు ఉంది. అఖండదీపం. ఏసీ గాలికి నూనెదీపం నిలవదని పాపం బల్బుతో సరిపెట్టుకుంటోంది అనుకున్నాను.

"శనివారం నియమమా వహినీ?" అని ఒకరోజు అడిగాను.

ఆమె చేటలోంచి తలెత్తి నన్ను చూసి, "అవును, నియమమే" అంది.

ఇక నాకేం కావాలి? అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు. నెల తిరక్కుండా పై ఇంటావిడ వెంకటేశ్వరస్వామికి శనివారాలు ఉంటుందని కిరాణా కొట్టు మలయాళీకి చెప్పాను, మావారి ఆఫీసులో తెలుగువాళ్ళ భార్యలకు చెప్పాను, ఆఖరికి టీచరమ్మకు కూడా చెప్పాను. టీచరమ్మ అంతా విని "అలాగా" అని ఊరుకుంది. నా మాటకు అందరికన్నా ఎక్కువ కదిలిపోయింది మాత్రం మా ట్యాంకర్ తమ్ముడు.

అప్పట్లో మా సందుకు నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి. ఆ ట్యాంకర్ నడిపే అతనిది నిజామాబాదు వైపు పల్లె. మొదటిసారి నేను తెలుగులో మావారి మీద కేకలేయడం విని, పైపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు సందంతా పారాయి. అప్పట్నుంచి నేను అక్కనయ్యాను. శుక్రవారం సెలవునాడు తనుండే లేబర్ క్యాంప్ నుంచి ఒకరినో ఇద్దరినో వెంటబెట్టుకుని వచ్చి, మా ఇంట్లో పప్పూ చారూ తిని వెళ్ళేవాడు.

"మా ఊర్లె నన్ను దుబాయోడంటరక్కా. ఖతర్ అని ఎన్నిసార్లు జెప్పినా, అది దుబాయ్‌ల ఏ దిక్కుంటది అని అడుగుతరు" అనేవాడు.

పై ఇంటి శనివారాల గురించి విన్న రోజు అతను చేతిలో ముద్ద ఆపేశాడు. "పొయ్యి గూడ ముట్టియ్యదా? మా అవ్వ గూడ గంత గట్టిగ ఉండకపోవు" అన్నాడు. ఆ తర్వాత నీళ్ళు పోయడానికి వచ్చినప్పుడల్లా పై తలుపు వైపు చూసి, ఎవరూ చూడకుండా ఒక నమస్కారం పెట్టేవాడు. నాకు అది చాలా ముచ్చటగా ఉండేది.

ఆ ఏడు బక్రీదు సెలవులు శనివారం దాకా వచ్చాయి. చలికాలం మొదలైంది. గురువారం పొద్దున ట్యాంకర్ తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని ఒక్కడే వచ్చాడు. వాళ్ళ క్యాంప్‌లో ఒకతను సెలవు మీద ఇంటికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు తిరుపతి నుంచి స్వామి పటం తెచ్చాడట, పెట్టెలో బట్టల మధ్య చుట్టి.

"రూముల ఎనిమిది మందిమున్నమక్కా. మంచం కింద చెప్పులు, మంచం మీద చెడ్డీలు. స్వామినేడ పెట్టాలె? నీ ఇంట్ల పెడ్దామంటే నువ్వు రోజు కోడిగుడ్డు కొడ్తవాయె. తప్పుగ అనుకోకు" అన్నాడు.

"ఎందుకనుకుంటాను, కొట్టేమాట నిజమే కదా" అన్నాను.

"పైన అమ్మ తాన పెడ్తె మంచిగుంటది. సెలవు గద, శనివారం మూడింటికి తొమ్మిది మందిమొస్తం. పులిహోర మేమే చేసుకొస్తం. అమ్మ చేత్తోటి దీపం ముట్టిచ్చి, స్వామిని ఆ ఇంట్ల నిలబెడితె చాలు. అమ్మ కాదంటదా?"

"ఎందుకంటుంది? ఎగిరి గంతేస్తుంది. పూచీ నాది" అన్నాను. ఆమెను అడగాలన్న ఊహ కూడా రాలేదు నాకు. అతను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. నేను అంత పుణ్యం నా చేతిమీదుగా జరుగుతోందని పొంగిపోతూ మెట్లెక్కాను.

వహినీ గుమ్మంలోనే నిలబడి నా శుభవార్త విన్నది. విన్నంతసేపూ ఆమె ముఖంలో రక్తం దిగిపోతూ ఉంది. నేను ముగించగానే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది.

"మేం యూదులం, వహినీ" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. యూదులంటే నాకు తెలిసింది బందరులో మిషన్ బడిలో చదివిన బైబిలు కథల్లోవాళ్ళు. వాళ్ళు మరాఠీ మాట్లాడతారని, చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని నాతో కూర్చుని బియ్యం ఏరుతారని నాకెవరు చెప్పారు? ఆమె మంచం మీద కూర్చుని తన వీధిని మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఈసారి సోడా కొట్టు దగ్గర ఆగలేదు. దాని పక్కనే వాళ్ళ ప్రార్థనా మందిరం. అసలు ఆ వీధి మొదలైందే దాని చుట్టూ. కొంకణం పల్లెల నుంచి వచ్చిన వాళ్ళవాళ్ళు ముందు మందిరం కట్టుకుని, దాని పక్కన ఇళ్ళు వేసుకున్నారు. దర్జీలు, పార్సీ ఆయన, తమిళులు అందరూ తర్వాత వచ్చినవాళ్ళే. పల్లెల్లో ఉన్న రోజుల్లో వాళ్ళను అందరూ శనివారం తేలీలు అనేవారట, అంటే శనివారం గానుగ ఆపేసే నూనెవాళ్ళని. శుక్రవారం దీపం ఆ శనివారానికి స్వాగతం. శనివారం నిప్పు ముట్టించకూడదు, స్విచ్చి కూడా వెయ్యకూడదు. అందుకని బల్బు ముందురోజే వేసి ఉంచుతుంది. ఇక ఉపవాసం నేను కట్టిన కథే. శనివారం ఆమె ఇంట్లో మూతల కింద శుక్రవారం వండిన కోడికూర ఉండేదట.

"మరి నేను వ్రతం అంటే అవునన్నావెందుకు?"

"నువ్వు నియమమా అన్నావు. నియమమే కదా. తర్వాత నువ్వే అందరికీ వెంకటేశ్వర అని చెప్పుకొచ్చావు. నాకు అదే మంచిదనిపించింది. నువ్వు చెప్పాక నన్నెవరూ ఇంకేమీ అడగలేదు." ఆమె గొంతు తగ్గించింది. "కంపెనీవాళ్ళకు మేం ఇండియావాళ్ళమని తెలుసు, అంతే. తెలిస్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఏమీ కాకపోవచ్చు. కానీ ఆయన ఉద్యోగం పెట్టి పరీక్ష చూడలేను. అంతకన్నా నాకు కింద టీచర్ గారంటే భయం."

ఆ భయం ఎందుకో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది వహినీకి అయిదో నెలలో కడుపు పోయింది. భర్త సముద్రం మీద ఉన్నాడు, కబురు అందలేదు. నేను మా చెల్లెలి పురిటికి బందరు వెళ్ళి ఉన్నాను. మూడు రోజులు టీచరమ్మే బడి మానేసి ఆమె పక్కన కూర్చుంది. చేత్తో సూపు తాగించింది, బట్టలు మార్చింది. ఈ ఊళ్ళో వహినీకి అమ్మ అంటే ఆవిడే.

"ఆవిడ ఊరు, ఇల్లు అన్నీ పోయాయి. యూదులకు దేశం అని చెప్పే అవి పోయాయి. నేను వాళ్ళలో ఒకదాన్నని తెలిస్తే నా ముఖం చూస్తుందా?" అంది వహినీ.

నేను తెలివైన సలహా ఒకటి ఇచ్చాను. ఒక్కసారి దణ్ణం పెట్టేసి పటం గోడకు తగిలించుకో, ఏం పోయింది, మేం దర్గాకూ వెళ్తాం, మేరీమాతకూ కొవ్వొత్తి పెడతాం అన్నాను.

"మీకు ఏమీ పోదు. మాకు ఉన్నదే అదొక్కటి" అంది. "నేను అబద్ధానికి దణ్ణం పెడితే వాళ్ళ దేవుడికీ అవమానం, నాకూ అవమానం. అంత నమ్మి వస్తున్నవాళ్ళను మోసం చెయ్యలేను వహినీ. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. వాళ్ళకు నిజం మాత్రం చెప్పకు."

చేస్తాను అని చెప్పి కిందికొచ్చాను. ఏం చెయ్యాలో తెలిస్తే కదా. తొమ్మిది మంది ఏడాదికొక్కసారి దొరికే సెలవులో మా ఇంటికి వస్తున్నారు, నా పూచీ మీద. రావద్దంటే ఎందుకంటారు. ఆవిడకు ఒంట్లో బాగాలేదంటే చూడడానికి మెట్లెక్కుతారు, అంత భక్తి ఎక్కించాను వాళ్ళకు. ఊరెళ్ళిందందామంటే ఆ అఖండదీపం సందులోంచి కనిపిస్తూనే ఉంటుంది. శుక్రవారమంతా వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. మావారు రెండుసార్లు అడిగారు ఏమైందని. పెళ్ళయ్యాక ఆయనకు చెప్పకుండా దాచిన మొదటి సంగతి ఇదే. దాచడం ఇంత కష్టమని నాకు తెలీదు. టీచరమ్మ గుమ్మంలో ఎదురైతే పలకరించకుండా తల దించుకుని లోపలికి వచ్చేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి ఉంటుంది, నేను తలదించుకోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

శనివారం మూడు కాకముందే వచ్చారు. తొమ్మిది మందీ తలస్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, నొసట నామాలు పెట్టుకుంటే సందులో ఎవరైనా చూస్తారని జేబు రుమాళ్ళలో తిరుచూర్ణం పొట్లం కట్టుకుని వచ్చారు. ఒకరి చేతిలో పులిహోర గిన్నె, ఇంకొకరి చేతిలో కొబ్బరికాయ. ట్యాంకర్ తమ్ముడు తువ్వాలు చుట్టిన పటాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. చెప్పులు మా గుమ్మం బయట వరసగా విప్పి, అతను మెట్టుమీద కాలు పెట్టబోయాడు.

"ఆగు తమ్ముడూ" అన్నాను. ఆ తర్వాత మాట నేను ఆలోచించి అన్నది కాదు. "పైన ఆవిడ ముట్టయింది. మూడు రోజులు దేవుడి దగ్గరికి రాకూడదు."

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిది మందీ ఒక్కసారిగా నేల చూపులు చూశారు. ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఎంత బాగలేదు, ఎప్పట్నుంచి, ఎప్పుడు తగ్గుతుంది, ఏమీ లేదు. అత్తారింట్లో ఆ మూడు రోజులూ వెనక వరండాలో చాప మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు పైనుంచి పోసేవారు. ఆ ఆచారమంటే నాకు ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఖతర్ వచ్చాక దాన్ని పూర్తిగా మానేసి హాయిగా ఉన్నాను. అంత కాల్చుకుతిన్న ఆచారం ఆ రోజు నా వహినీ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆమెను కాపాడింది. దానికి నేను పెట్టిన శాపాల్లో ఒకటి మాత్రం వెనక్కి తీసుకున్నాను.

"గట్లనా అక్కా. మరేంజేస్తం, స్వామి మనసుల గట్లున్నది" అన్నాడు ట్యాంకర్ తమ్ముడు కొంచెంసేపటికి. "అయితే ఈసారికి నీ ఇంట్లనే కానిద్దామా?"

పది నిమిషాల్లో గుడ్ల బాణలి పెరటి అరుగు మీదికి పోయింది, ముందుగది కడిగాను, మావారు పంచె కట్టుకుని తప్పులతో అష్టోత్తరం చదివారు. మధ్యలో ఆయన నావైపు చూసిన చూపులో, ఇదంతా నువ్వే చేశావని నాకు తెలుసు, ఎలా చేశావో సాయంత్రం చెప్పు అని ఉంది. చెప్పలేదు. పటం మా ఇంట్లోనే ఉండిపోయింది. దానికోసం తర్వాత మేం దోహాలో ఉన్నన్నాళ్ళూ శనివారాలు గుడ్డు మానేశాను, నా అబద్ధానికి అదే జరిమానా అనుకున్నాను.

నైవేద్యం పెట్టబోయే ముందు ట్యాంకర్ తమ్ముడు నన్ను పక్కకు పిలిచి ఒక పళ్ళెం నిండా పులిహోర చేతిలో పెట్టాడు.

"పైన అమ్మకియ్యక్కా. ముట్టున్నోళ్ళు ప్రసాదం తినొద్దు గద. అందుకే స్వామికి సూపియ్యకముందే తీసిన. ఉత్త అన్నమే, తప్పు లేదు. ఆమె ఆకలిగుంటే మనం తింటె మనసొప్పుతదా" అన్నాడు.

నాకు కళ్ళు తిరిగినంత పనైంది. దేవుడికి పెట్టిన తిండి ఆమె ముట్టదు, ఆ సంగతి కూడా ఆమె గురువారమే చెప్పింది. ప్రసాదం పంపిస్తే ఏం చెయ్యాలా అని నేను లోలోపల చస్తూ ఉన్నాను. అతను తన పద్ధతిలో తను ఆలోచించి, ఆమె తినగలిగేదే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని ముందు ఏడిస్తే మళ్ళీ కారణం చెప్పాలని గబగబా మెట్లెక్కాను.

బయట ఇంకా వెలుతురు ఉంది గానీ మెట్లమీద మసక పడింది. పైన తలుపు ఓరగా తెరిచి ఉంది. కిటికీ పరదాలు దించేసి, లోపల చీకటిగా ఉంది. అఖండదీపం లేదు. మధ్యాహ్నం బల్బు మాడిపోయిందట, కొత్త బల్బు అలమరలో ఉన్నా ఆమె ముట్టుకోకూడదు. కిందనుంచి తొమ్మిది మంది గొంతులు వింటూ, వాళ్ళు పైకొస్తారేమోనని తలుపు వైపే చూస్తూ వహినీ చీకట్లోనే కూర్చుంది. ఆ చీకట్లో స్టూలు మీద ఎవరో నిలబడి ఉన్నారు. టీచరమ్మ. చేతిలో తన ఇంటినుంచి తెచ్చుకున్న బల్బు. నేను చూస్తుండగానే దాన్ని బిగించి, కిందికి దిగి, స్విచ్చి వేసింది.

వెలుగులో వహినీ ముఖం చూశాను. ఆవిడకు తెలిసిపోయిందని అందులో రాసి ఉంది. నా చేతిలో పళ్ళెం ఒక పక్కకు ఒరిగింది.

"నేను చెప్పలేదు" అన్నాను తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో అన్నాను. తర్వాత మళ్ళీ హిందీలో.

"నువ్వేం చెప్పలేదు. నువ్వు వెంకటేశ్వర అని చెప్పావు. అది నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు" అంది టీచరమ్మ. స్టూలు గోడవార పెట్టి, కుర్చీ లాక్కుని వహినీ ఎదురుగా కూర్చుంది. క్లాసులో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, తేలిక ఇంగ్లీషులో, మాకు ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. "నేను పుట్టింది పాలస్తీనాలో, హైఫా రేవులో. మా పై వాటాలో ముసలి యూదు దంపతులు ఉండేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం వెలిగించిన దీపం శనివారం కూడా వెలిగేది. నాకు ఎనిమిదేళ్ళు. మా అమ్మ ప్రతి శనివారం నన్ను పైకి పంపేది, వాళ్ళ పొయ్యి వెలిగించి రమ్మని. వాళ్ళు అడగకూడదు, మనమే కనిపెట్టి వెళ్ళాలి అని చెప్పింది. అందుకని నేను వెళ్ళి, 'నాకు టీ తాగాలని ఉంది' అని పెట్టుకునేదాన్ని. కెటిల్ నిండా పెట్టేదాన్ని. ఈ ఇంట్లో మీరు దిగిన మొదటి శనివారమే పట్టపగలు ఆ బల్బు చూశాను."

"మూడేళ్ళుగా తెలుసా?" అంది వహినీ.

"తెలుసు."

"పోయినేడు... నా పక్కన కూర్చున్నప్పుడు కూడా?"

"అప్పుడు కూడా. నువ్వు చెప్పాలనుకున్న రోజు చెప్తావని ఊరుకున్నాను. ఇవాళ కింద అంతమంది మగవాళ్ళు, పైన చీకటి. నువ్వు భయపడుతున్నావని వచ్చాను."

కింద మావాళ్ళు సందులోకి వినపడకుండా మెల్లగా గోవిందా అనడం వినిపిస్తోంది. వహినీ అడగనే అడిగింది, "మీకు కోపం లేదా?"

"ఉంది. చాలా ఉంది. అది నా ప్రాణం ఉన్నంతవరకూ పోదు" అంది టీచరమ్మ. "కానీ నీ మీద కాదు. నువ్వు వచ్చింది థానే నుంచి. నా ఇంట్లోంచి కాదు."

అప్పుడు వహినీ ఏడ్చింది. అంత ఏడుపు కడుపు పోయిన రోజుల్లో కూడా ఏడవలేదని తర్వాత టీచరమ్మ నాతో అంది. నేనూ ఏడ్చాను, నాకు కారణం అక్కర్లేదు. రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారి దిగేసరికి ఒళ్ళంతా తేలికై, నిలబడలేక గుమ్మంలోనే చతికిలబడ్డాను. పులిహోర పళ్ళెం మాత్రం వదల్లేదు. ముగ్గురం ఆ పళ్ళెంలోంచే తిన్నాం. నిజామాబాదు మిరపకాయల కారానికి టీచరమ్మ ముక్కు ఎర్రగా అయిపోయింది, అయినా చెయ్యి ఆపలేదు. వహినీ తింటూ తింటూ తన వీధి చెప్పింది టీచరమ్మకు, సోడా కొట్టు, దాని పక్కన మందిరం, ఆ పక్కన దర్జీలు. సగం ఇళ్ళవాళ్ళు ఇజ్రాయెల్ వెళ్ళిపోయారని కూడా దాచకుండా చెప్పింది. మీరెందుకు వెళ్ళలేదు అని టీచరమ్మ అడిగింది. "మా మామగారు వీధి వదలనన్నారు" అంది వహినీ. టీచరమ్మ తల ఊపింది.

వెళ్ళడానికి లేచినప్పుడు ఆవిడ వంటింటి వైపు చూసింది. పొయ్యి చల్లగా ఉంది, కెటిల్ బోర్లించి ఉంది.

"వచ్చే శనివారం నాకు టీ తాగాలని ఉంటుంది. ఎన్నింటికి రమ్మంటావు?" అంది.

అడగకూడని వహినీ, అడిగితే జవాబు చెప్పవచ్చో లేదో కూడా తెలియక, నావైపు చూసింది. నాకేం తెలుసు, నేను చెప్పినవన్నీ తప్పే కదా. ఆమె కళ్ళు తుడుచుకుని, "నాలుగింటికి" అంది.